చుక్కల పేరు చెక్కిన డబ్బా

కాస్త దగ్గరికి జరిగి కూర్చోండి. పొయ్యి మీద ఏమైనా ఉంటే కట్టేసి రండి, ఇది మధ్యలో లేచి వెళ్ళే ముచ్చట కాదు. నేను మూడో తరగతి దాకా చదివినదాన్ని. కూడబలుక్కుని రాస్తాను, ఒత్తులు తప్పితే మీరే దిద్దుకోండి. కానీ కళ్ళ ముందు జరిగింది మరిచిపోయే సుఖం మాత్రం దేవుడు నాకివ్వలేదు. ఇందులో దెబ్బలున్నాయి, నెత్తురుంది. అందులో కొంత నా నోటి మాట వల్లే కారింది. అందుకే రాయడానికి కూర్చున్నాను.

అప్పుడు మేము గ్వెల్ఫ్‌లో ఉండేవాళ్ళం. మా అమ్మాయి, అల్లుడు, పదో తరగతి చదివే మనవరాలు, నేను. మన పిల్లలు చదువులకని కెనడాకు వరదలా వచ్చిపడిన రోజులవి. బస్సెక్కితే సగం మాటలు తెలుగువే. ఒక్కో ఇంటి బేస్‌మెంట్‌లో ఎనిమిదేసి మంది పరుపులు పరుచుకునేవారు. మా బేస్‌మెంట్‌లో మాత్రం ఒక్క పిల్లే ఉండేది. కరీంనగర్ వైపు పిల్ల. పగలు కాలేజీ, సాయంత్రం కాఫీ షాపులో పని. గలగలా మాట్లాడేది. మనవరాలిని చూసి నన్ను అమ్మమ్మా అనేది.

ఆ పిల్లకు రోజూ పొద్దున నేనే అన్నం కట్టి ఇచ్చేదాన్ని. నా పెళ్ళినాటి స్టీలు డబ్బాలో. మూత మీద మా ఆయన పేరు చుక్కలు చుక్కలుగా చెక్కి ఉంటుంది. గిన్నెలు నలుగురి ఇళ్ళలో కలిసిపోకుండా కొన్న కొట్లోనే పేరు కొట్టించేవాళ్ళం కదా, అలాగే.

గిన్నెల విషయంలో నాకు రెండు పట్టింపులు. ఎవరి గిన్నె అయినా ఖాళీగా తిరిగివ్వకూడదు. ఏమీ లేకపోతే చిటికెడు పంచదారైనా వెయ్యాలి. పక్కింటి తెల్లావిడకు ఒకసారి పులిహోర పంపిస్తే గిన్నె తళతళా తోమి ఖాళీగా తెచ్చిచ్చింది. నాకు రెండు రోజులు అన్నం సయించలేదు. ఇక రెండోది ఎంగిలి. మా గిన్నెలో బయటివాళ్ళు తింటే అది మళ్ళీ నా వంటింట్లోకి రాదు. పంపు బాగుచేసేవాడు దాహమంటే ఇవ్వడానికి సింకు కింద ఒక ప్లాస్టిక్ కప్పు వేరే పెట్టుకున్నాను. ఆ కప్పు సంగతి గుర్తుపెట్టుకోండి.

నవంబరులో ఒక శుక్రవారం సాయంత్రం తలుపు మీద ఏదో మొద్దు తగిలినట్టు చప్పుడైంది. తీసి చూస్తే ఆ పిల్ల. తలుపుకు ఆనుకుని ఉందేమో, తీయగానే లోపలికి పడింది. పై పెదవి రెండుగా చీలి వేలాడుతోంది. ముందు పన్ను సగం లేదు. జాకెట్ చెయ్యి భుజం దగ్గర ఊడిపోయింది. ఒక చేతికే గ్లవ్ ఉంది. గచ్చు మీద నెత్తురు నా కాళ్ళ దాకా వచ్చింది.

"ఎవరే? ఎవరు కొట్టారే తల్లీ?"

"బస్ షెల్టర్ కాడ..." అంది. ఆ తర్వాత మాట రాలేదు, నురగ వచ్చింది.

మా అమ్మాయి కారులో వేసుకుని ఆసుపత్రికి పరిగెత్తింది. పెదవికి ఎనిమిది కుట్లు పడ్డాయి. డాక్టరు అడిగితే ఆ పిల్ల మంచు మీద జారిపడ్డానని కాగితం మీద రాసి చూపించిందట. ఇంటికి వచ్చాక నా చేతిలో కూడా ఒక ముక్క రాసి పెట్టింది: పోలీస్ వద్దు, పీఆర్ ఫైల్ ఖరాబైతది. ఈ దేశంలో స్థిరపడటానికి పెట్టుకునే అర్జీ అది. నీకేం దిగులు, నువ్వు తప్పు చేశావా అని తల నిమిరాను. మందు మత్తులో నిద్రపోయింది.

మర్నాడు పొద్దున్నే ఆ పిల్ల బ్యాగు, ఫోను అక్కడే పడ్డాయేమో చూద్దామని అల్లుడూ నేనూ బయల్దేరాం. బస్ షెల్టర్ బల్ల మీద ఒక మనిషి దుప్పటి కప్పుకుని కూర్చున్నాడు. ఎప్పుడూ అక్కడే ఉండేవాడు. ఈ నేల మీద మొదట పుట్టిన జాతివాళ్ళ బిడ్డ అని తర్వాత తెలిసింది. అప్పటికి మాకు తెలిసిందల్లా మత్తు పీల్చేవాడని. మావాళ్ళంతా డ్రగ్గీ అనే అనేవారు. అతని ఒళ్ళో నా డబ్బా ఉంది. మూత మీద చుక్కలు ఎండకు మెరిశాయి.

"అదిగో, నా డబ్బా! వీడేనండీ, వీడే!" అని అరిచాను.

అల్లుడు కారు వెనక నుంచి మంచు తీసే పార లాగాడు. మొదటి దెబ్బ భుజం మీద పడింది. అతను బల్ల మీంచి కిందకు జారాడు. రెండో దెబ్బకు డబ్బాను తలకు అడ్డం పెట్టుకున్నాడు. పార అంచు తగిలి డబ్బా సొట్టపోయింది. మూడోది పక్కటెముకల మీద. ఎండుకట్టె విరిగినట్టు చప్పుడైంది. అతను ఒక్కసారి కూడా చెయ్యెత్తలేదు. అతని చెవి దగ్గర అప్పటికే ఎండిన నెత్తురు ఉండటం చూశాను. మా పిల్ల గీరి ఉంటుంది, మంచిపని చేసిందనుకున్నాను. అంతటితో ఊరుకున్నానా? "ఇంకోటి వెయ్యండి అల్లుడుగారూ! ఆడపిల్ల మూతి పగలగొట్టిన చెయ్యి అది!" అన్నాను. అల్లుడు వేశాడు. మోచెయ్యి ఇటు తిరగాల్సింది అటు తిరిగింది. తెల్లటి మంచు మీద నెత్తురు ఎంత ఎర్రగా ఉంటుందో అప్పుడే చూశాను. డబ్బా తీసుకుని కొంగుతో తుడిచి కారులో కూర్చున్నాను.

ఎవరో ఫోన్ చేస్తే పోలీసులొచ్చారు. మా పిల్లను కొట్టి డబ్బా లాక్కున్నాడు, అడగబోతే నా మీదికి వచ్చాడు, అని చెప్పాడు అల్లుడు. నేను తల ఊపాను. అతన్ని ఆంబులెన్స్‌లో ఎక్కించారు, పక్కన పోలీసు కూడా ఎక్కాడు. వచ్చే శుక్రవారం కుట్లు తీశాక మీ పిల్ల స్టేట్‌మెంట్ తీసుకుంటాం, ఆమె ఔనంటే అతను జైలుకే అన్నారు.

ఆ సాయంత్రానికి అల్లుడి వాట్సాప్ మోగుతూనే ఉంది. బ్రో నువ్వు సింహం, అని ఒకరు. మనం ఇలా లేకపోతే వీళ్ళు మనల్ని బతకనివ్వరు, అని ఇంకొకరు. నేను డబ్బాను మూడుసార్లు తోమాను. అయినా మనసొప్పక వెనక వరండాలో పడేశాను. అక్కడ మంచు పడి గడ్డకట్టింది.

పక్కింటావిడ ఆదివారం వచ్చింది. ఈవిడ కొడుకు మత్తుమందు ఎక్కువై చచ్చిపోయాడు. అప్పటి నుంచి, మత్తుకు అలవాటుపడ్డవాళ్ళను జైల్లో పెట్టకండి, వైద్యం చెయ్యండి అని తిరిగే గుంపులో చేరింది. ఇంటి ముందు గడ్డిలో, మత్తుకు బలైనవాళ్ళ గుర్తుగా ఊదా రంగు బోర్డు పాతింది. ఊపిరాగినవాళ్ళను బతికించే మందు ఎప్పుడూ సంచీలో ఉండేది. మత్తు తీసుకునేవాళ్ళ ప్రాణం పోకుండా నర్సు కాపలా ఉండే గది ఒకటి ఆ గుంపు నడిపేది. మనవరాలి బడిలో జాతి వివక్ష గురించి పాఠాలు పెడతామంటే, కొందరు తల్లిదండ్రులు వద్దని గొడవ చేస్తున్నారు. ఈవిడ గుంపు మాత్రం పాఠాలు ఉండాల్సిందేనని, మత్తు చట్టం ఎలా పుట్టిందో కూడా అందులో చెప్పాలని ఉత్తరం రాసింది. గురువారం బడిలో మీటింగ్. మా అల్లుడు వద్దనేవాళ్ళ తరఫున మాట్లాడతానన్నాడు.

ఆవిడ వంటింట్లో నిలబడి ఇంగ్లీషులో చెబుతుంటే మనవరాలు నాకు తెలుగు చేసింది.

"అమ్మమ్మా, ఆ షెల్టర్ మనిషి ఆంటీకి తెలుసట. మూడు రిబ్స్ పోయాయట, చెయ్యి సర్జరీ చేశారట. అతను ఎవర్నీ కొట్టే మనిషి కాదు, షూర్‌గా చూశారా అని అడుగుతున్నారు."

"డబ్బా నా కళ్ళతో చూశానని చెప్పు" అన్నాను.

అల్లుడు హాల్లోంచే అన్నాడు: "అత్తయ్యగారూ, ఆవిడ కాఫీకి రాలేదు, కేసు కోసం వచ్చింది. అదలా ఉంచి, మత్తుమందుకూ బడి పాఠానికీ సంబంధం ఏంటో నువ్వు అడగవే తల్లీ ఆవిడ్ని. రేపు మా పిల్లలకు సిరంజి పట్టుకోవడం నేర్పిస్తారా?"

ఆవిడకు కోపం రాలేదు. కుర్చీ లాక్కుని కూర్చుంది. చాలాసేపు చెప్పింది. నాకు అర్థమైనంత రాస్తాను. వందేళ్ళు దాటింది, వాంకూవర్‌లో ఒక గుంపు చైనావాళ్ళ వీధి మీద, జపానువాళ్ళ వీధి మీద పడి కొట్లన్నీ పగలగొట్టిందట. నష్టం ఎంతో చూడటానికి సర్కారు పంపిన పెద్దమనిషికి అక్కడ నల్లమందు కొట్లు కనబడ్డాయట. మరుసటి ఏడు నల్లమందు మీద చట్టం వచ్చిందట. "పగలగొట్టిన చేతుల గురించి కాదు, పగిలిన కొట్ల గురించి చట్టం చేశారు" అంది ఆవిడ. మత్తు చట్టం పుట్టిందే ఒక జాతి మీది కోపంలోంచి, ఇప్పటికీ జైళ్ళలో నల్లవాళ్ళు, ఈ నేల బిడ్డలు ఎక్కువమంది ఉన్నారు, ఇది పిల్లలకు బడిలో చెప్పకపోతే పెద్దయ్యాక వాళ్ళూ మనిషిని చూడరు, డ్రగ్గీనే చూస్తారు అంది. వాళ్ళబ్బాయి బాత్రూమ్ గడియ పెట్టుకుని పోయాడట. పోలీసుల భయంతో పెట్టిన గడియ. అది చెప్పేటప్పుడు మా వంటింటి గడియ వైపే చూసింది.

నాకు జాలేసింది. కానీ డబ్బా డబ్బానే కదా అనుకున్నాను.

మంగళవారం మనవరాలు నోటుబుక్కు పట్టుకుని నా పక్కన చేరింది. ఇంట్లో పెద్దవాళ్ళను అడిగి, వాళ్ళు చూసిన అన్యాయపు నియమం ఒకటి రాసుకురమ్మన్నారట. కరీంనగర్ పిల్ల సోఫాలో పడుకుని ఉంది, మూతికి గుడ్డ అడ్డం పెట్టుకుని.

"మా కాలంలో అన్యాయాలేం ఉన్నాయే? మా అత్తగారింట్లో కూలివాళ్ళకు కూడా మజ్జిగ పోసేవాళ్ళం. పశువుల పాక చూరులో వాళ్ళ గ్లాసు ఉండేది. వాళ్ళే తీసుకుని, తాగి, కడిగి, మళ్ళీ చూరులో దోపుకునేవాళ్ళు. ఎవరికీ ఇబ్బంది లేదు."

"వాళ్ళ గ్లాస్ వేరేనా? వై?"

"ఎందుకంటే ఏం చెప్తాం? అలా ఉండేది."

"సింక్ కింద కప్ లాగా?"

సోఫాలోంచి గొంతు వినిపించింది. కుట్ల మధ్యలోంచి, ఒక్కో మాట పీకినట్టుగా.

"ఆ చూరుల గ్లాసుతోని తాగినోళ్ళ ఇంటి పిల్లనే నేను, అమ్మమ్మా."

నా చేతిలో చిక్కుడుకాయలు ఉన్నాయి. ఈనె తీస్తూ తీస్తూ ఆగిపోయాను.

"మా నాయినమ్మ ఇప్పటికీ స్టీలు గ్లాసు ఎత్తి పోసుకుంటది, పెదవి తాకనియ్యదు. గందుకే మీకు చెప్పలే. డబ్బా వాడు గుంజుకోలే. నేనే ఇచ్చిన. రోజూ సగం బువ్వ ఆయనకే పెడుతుంటి. ఎంగిలి అంటరని, డబ్బా పారేస్తరని..."

"మరి నిన్ను కొట్టిందెవరే?"

"ట్రక్కుల ముగ్గురు. తెల్ల పోరగాండ్లు. మీ దేశం పోవే అని ఐస్ నింపిన కప్పు మొకాన కొట్టిండ్రు. నేను ఒక మాటన్న. దిగి తన్నిండ్రు. కింద పడ్డంక బూటుతోని మూతి మీద... ఆయన వచ్చి నా మీద బోర్లా పన్నడు, అమ్మమ్మా. ఆ తన్నులన్నీ ఆయన వీపుకే తాకినయి. చెవికాన్నుంచి నెత్తురు నా మెడ మీద కారింది, వెచ్చగ. వాళ్ళు పోయినంక, ఉరుకు ఇంటికి అన్నడు."

"మందు మత్తు వదిలాక ఎందుకు చెప్పలేదే?"

"లేచేసరికి మీ అల్లుడన్న సింహమైండు. అన్న ఇంట్ల ఉండి అన్న మీద ఏం చెప్పాలె? నా ఫైల్ ఏమైతది?"

మనవరాలి కలం ఆగిపోయి ఉంది. నోటుబుక్కులో పేజీ ఖాళీగానే ఉంది. నేను లేచి వెనక వరండాలోకి వెళ్ళి, గోళ్ళతో మంచు గీకి డబ్బా బయటికి తీశాను. గోరు విరిగింది. ఆ నొప్పి కూడా హాయిగానే అనిపించింది.

ఆ రెండు రోజులూ అల్లుడికి చెప్పాలని చూశాను. "అత్తయ్యగారూ, మీరే కదా చూపించారు" అన్నాడు ఒకసారి. "ఆ పిల్ల భయపడి మాట మారుస్తోంది. శుక్రవారం ఔనని ఒక్క మాట అనమనండి, చాలు. లేకపోతే జైలుకెళ్ళేది నేను. మీ అమ్మాయి మొగుడు. ఆలోచించుకోండి" అన్నాడు. ఆలోచించుకున్నాను. నా కడుపున పుట్టిన దాని సంసారం ఒక పక్క. ఇంకో పక్క నేను వెయ్యమంటే విరిగిన చెయ్యి.

గురువారం సాయంత్రం బడి లైబ్రరీ నిండిపోయింది. మన తండ్రులు పదిమంది దాకా, తెల్లవాళ్ళు చాలామంది. అల్లుడు మైకు పట్టుకుని బాగానే మాట్లాడాడు. నా ఇంటి పిల్ల మూతి పగలగొట్టినవాడు డ్రగ్గీ, వాళ్ళను వెనకేసుకొచ్చేవాళ్ళు మా పిల్లలకు జాతి గురించి పాఠాలు చెబుతారా అన్నాడు. చప్పట్లు పడ్డాయి. పక్కింటావిడ లేచి, మా వంటింట్లో చెప్పిందే చెప్పింది. వాళ్ళ గుంపులోనే ఒకాయన, ఒకప్పుడు మత్తులో బతికి బయటపడ్డాయనట, ఈ రెండూ కలపొద్దు, బడి గొడవలో పడితే మనుషుల్ని బతికించే మన గది మూయించేస్తారు అని ఆవిడతోనే వాదించాడు. అంతలో వెనక నుంచి ఒకడు అరిచాడు.

"ఏమన్నాడే?" అని మనవరాలిని అడిగాను.

"సొంత కొడుకును కాపాడుకోలేనిదానివి, మా పిల్లలకు చెప్పడానికొచ్చావా అన్నాడు."

ఆ మాజీ మత్తాయన వెనక్కి తిరిగి ఆ అరిచినవాడి ముక్కు మీద గుద్దాడు. అంతే. కుర్చీలు లేచాయి. ఒక కుర్చీ పుస్తకాల అర మీద పడి, పుస్తకాలు జలజలా రాలాయి. ఎవరో విసిరిన ఇనుప నీళ్ళ సీసా పక్కింటావిడ నుదుటికి తగిలింది. కనుబొమ చీలి నెత్తురు కంట్లోకి కారుతుంటే ఆవిడ తుడుచుకోకుండా నిలబడింది. మనవాళ్ళలో ఒకాయన ఎవరి కాలరో పట్టుకుని బూతులు తిడుతున్నాడు, తెలుగులో. ఎదుటివాడికి ఒక్కటీ తెలియదు.

నేను శాలువాలోంచి డబ్బా తీసి బల్ల మీద కొట్టాను. స్టీలు చప్పుడు మీకు తెలుసు కదా. గదంతా ఇటు తిరిగింది.

"ఈ డబ్బా నాది" అన్నాను. మనవరాలు లేచి ఇంగ్లీషులో అంది. "మా పిల్ల ఈ డబ్బాలో అన్నం ఆ మనిషికి పెట్టేది. మా పిల్లను ట్రక్కులో వచ్చిన ముగ్గురు తన్నారు. ఆ మనిషి తన వీపు అడ్డం పెట్టాడు." అదీ అంది. "మర్నాడు నేను డబ్బా చూసి వీడే అని వేలు చూపించాను. నా అల్లుడు..."

పిల్ల ఆగిపోయింది. "అమ్మమ్మా, ఐ కాంట్. హి ఈజ్ మై డాడ్."

"చెప్పమ్మా. నా నోటికి ఆ భాష లేదు. వెయ్యండి అన్నది నేనేనని మొదట చెప్పు. తర్వాత మీ నాన్న సంగతి చెప్పు."

చెప్పింది. అల్లుడు కుర్చీలు తోసుకుంటూ వచ్చాడు. మొహం కందగడ్డలా ఉంది. కూతురి మీదికి చెయ్యెత్తాడు. నేను ఎలా మధ్యలోకి వెళ్ళానో తెలియదు, ఆ దెబ్బ నా ఎడమ చెవి మీద పడింది. కింద పడలేదు కానీ బల్ల పట్టుకున్నాను. ఈ రోజుకీ ఆ చెవిలో జోరీగ తిరుగుతూనే ఉంటుంది. అల్లుడు తన చేతినే చూసుకుంటూ నిలబడిపోయాడు. కరీంనగర్ పిల్ల వచ్చి నన్ను కూర్చోబెట్టింది.

"అన్నా, సాలు. కొట్టుడు సాలు" అంది అతనితో.

శుక్రవారం పోలీసుల ముందు ఆ పిల్ల జరిగింది జరిగినట్టు చెప్పింది. నేనూ చెప్పాను. షెల్టర్ మనిషి మీద కేసు ఎత్తేశారు. అల్లుడి మీద పెట్టారు. కోర్టు చుట్టూ తిరిగాడు, కోపం తగ్గించుకునే క్లాసులకు వెళ్ళమన్నారు, వెళ్ళాడు. తొమ్మిది నెలలు నాతో మాట లేదు. మా అమ్మాయి వడ్డించేటప్పుడు గరిటె కంచానికి గట్టిగా తగిలించేది, అది నాకోసమే. ట్రక్కువాళ్ళు దొరకలేదు. ఆ పిల్ల పీఆర్ ఫైలుకు ఏమీ కాలేదు. బడిలో జాతి వివక్ష పాఠం ఉంచారు, అందులో మత్తు చట్టం గురించిన పేజీ మాత్రం తీసేశారు. సగం గెలిచాం అంది పక్కింటావిడ. కనుబొమ మీద మచ్చ పడింది.

ఆ మనిషికి ఆ సొట్ట డబ్బాలోనే పప్పన్నం, దొండకాయ వేపుడు కట్టి పక్కింటావిడ చేత ఆసుపత్రికి పంపాను. నేను వెళ్ళలేదు. మొహం చెల్లలేదు. రెండు రోజులకు డబ్బా తిరిగొచ్చింది. కడిగి ఉంది. మూత తీస్తే లోపల ఆసుపత్రిలో రొట్టెతో ఇచ్చే జామ్ పొట్లాలు నాలుగు, కింద ఆ పిల్ల రెండో గ్లవ్. మా అమ్మమ్మ ఖాళీ గిన్నె ఇవ్వదని రోజూ అన్నం పెడుతూ ఆ పిల్లే అతనికి చెప్పేదట.

జామ్ ఆడవాళ్ళం నలుగురం తిన్నాం. డబ్బాను వంటింటి అరలో దాని చోట పెట్టాను. సింకు కింద కప్పు తీసి బయట పారేశాను. పారేస్తుంటే కరీంనగర్ పిల్ల చూసింది. ఆ మధ్యాహ్నం తను గ్లాసు పెదవికి ఆనించి మజ్జిగ తాగింది. కుట్ల మచ్చ మీద తెల్లటి గీత పడింది.

ఇంతసేపు కూర్చుని విన్నారు. మీ ఇంట్లో గ్లాసులన్నీ ఒకే అరలో ఉండాలి. మీ ఇంటి నుంచి వెళ్ళిన గిన్నె నిండుగా తిరిగి రావాలి. మీ పిల్లల మీద ఎవరి చెయ్యీ లేవకూడదు, మీ పిల్లల చెయ్యి ఎవరి మీదా లేవకూడదు. మీ నోటి మాట ఎవరి ఎముకా విరవకుండా చల్లగా ఉండండి.